ఐజక్ గారి వ్యాన్లో మార్తమ్మ గారి కష్టాలు

ఐజక్ గారి వ్యానెక్కినవాళ్ళకి సీటు బెల్టూ, ఎవరో ఒక దైవభక్తుడి జీవిత చరిత్రా తప్పవు. బెల్టునైతే మధ్యలో కాస్త వదులు చేసుకోవచ్చు.

ఆయన దుబాయ్‌లో ఒక ఆసుపత్రి వ్యాను డ్రైవరు. సొంతూరు నరసాపురం. వాళ్ళ నాన్న సైకిలు వెనక రేకుపెట్టె కట్టుకుని చర్చి చర్చికీ తిరిగి భక్తుల జీవిత చరిత్రలు అమ్మేవాడట. అమ్ముడుపోని పుస్తకాలన్నీ కొడుక్కి ఆస్తిగా వచ్చాయి. స్టాఫ్ ఉండే ఇంటర్నేషనల్ సిటీ నుంచి ఆసుపత్రికి ముప్పై అయిదు నిమిషాలు. ఆ ముప్పై అయిదు నిమిషాల్లో ఒక మనిషి పుట్టి, మారుమనసు పొంది, ఏరు దాటబోయి మునిగి, తేలి, ఊరివాళ్ళ చేత రాళ్ళు వేయించుకుని, మలేరియాతో మూడు నెలలు పడుకుని, చివరికి విశ్వాసంతో లేచి నిలబడాలి. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి గేటు రావాలి. వచ్చేది.

సోనీ ఆ వ్యాను మొదటిసారి ఎక్కిన రోజు సీనియర్ నర్సు లీలాకుమారి చెవిలో జాగ్రత్తలు చెప్పింది. వ్యాన్లో దగ్గకు, తలనొప్పి అనకు, ఫ్లాట్లో నీళ్ళు రాలేదని అసలే అనకు అని. అదేదో ఆసుపత్రివాళ్ళ నియమం అనుకుంది సోనీ. వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. లీలాకుమారి మరిచిపోయి మోకాలు పట్టేసిందంది. అంతే, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ మార్తమ్మ గారు పగిలిన మడమలతో లంక గ్రామాలకి పదకొండు మైళ్ళు నడవడం మొదలుపెట్టారు. లాండ్రీలో పనిచేసే నెల్లూరు హలీమాబీ ఏసీ చెడిపోయిందంది. ఇంకో పుస్తకంలోని ప్రకాశం అయ్యగారు నలభై రెండు మందితో కలిసి కిటికీ లేని జైలు గదిలోకి వెళ్ళారు. ఇదీ ఒక కష్టమేనా అని ఐజక్ గారు ఎవర్నీ అనరు. కథ అయ్యేసరికి ఎవరి కష్టం చెప్పుకోవడానికి వాళ్ళకే మొహమాటంగా ఉండేది.

భక్తుల కష్టాలకీ దుబాయ్ ట్రాఫిక్‌కీ దగ్గర సంబంధం ఉందని సోనీ కనిపెట్టింది. ముందు ఎక్కడో రెండు కార్లు గుద్దుకుని రోడ్డు ఆగిపోతే మార్తమ్మ గారికి జ్వరం ఎక్కువయ్యేది. సెలవు రోజు పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటే ప్రకాశం అయ్యగారు జైల్లో అడుగుపెట్టిన ఆరో నిమిషానికి విడుదలయ్యేవారు.

ఒకసారి వంతెన కింద వ్యాను ఇరవై నిమిషాలు కదల్లేదు. మార్తమ్మ గారి జ్వరం నూట అయిదు దాటింది. హలీమాబీ ఇక ఆగలేకపోయింది.

"ఐజక్కన్నా, ఆమెకి జొరం తగ్గించబ్బా. నాకు పంచింగుకి లేటవతా ఉండాది."

"నా చేతుల్లో ఏముందమ్మా, ముందర ట్రక్కుంది," అన్నారాయన.

ఇంకోసారి పోలీసు ఆపి ముల్కియా చూపించమన్నాడు. బండి రిజిస్ట్రేషన్ కార్డు కోసం ఐజక్ గారు డాష్‌బోర్డు అర తెరిస్తే ముందు మార్తమ్మ గారొచ్చారు, తర్వాత ప్రకాశం అయ్యగారు, ఆ తర్వాత లంకల్లో కలరా రోగులకి గంజి కాచిన ఒక దొరసాని. ఏడుగురు భక్తులు పోలీసు చేతిలోకి వెళ్ళాక అడుగున ముల్కియా కనిపించింది. పుస్తకాల మీది బొమ్మలన్నీ చూసి, వీళ్ళంతా మీ బంధువులా అని ఆ పోలీసు హిందీలో అడిగాడట. ఒక రకంగా అంతే సార్ అన్నారట ఈయన.

సోనీకి మాత్రం నవ్వే ఓపిక ఉండేది కాదు. తణుకు నుంచి వచ్చిన ఈ పిల్ల నర్సింగ్ చదివినా, ఇక్కడి లైసెన్సు పరీక్ష పాసవలేదు కాబట్టి నర్సు సహాయకురాలిగా చేరింది. పరీక్ష ఒకసారి పోయింది. ఫిబ్రవరిలో రెండోసారీ పోయింది. మే నెలలో మూడోసారి రాయాలి. అది కూడా పోతే జూన్ తర్వాత కాంట్రాక్టు పొడిగించేది లేదని, ఖలాస్ అని ముదీర్, అంటే మేనేజరు, తేల్చి చెప్పేశాడు. ఫ్లాట్లో ఆరుగురు, ఒకటే దీపం. చదువుకోవడానికి దొరికేది వ్యాన్లో ఆ ముప్పై అయిదు నిమిషాలే. తీరా పుస్తకం తెరిచేసరికి మార్తమ్మ గారు పడవెక్కేవారు.

ఏప్రిల్లో ఒక పొద్దున సోనీ గుండె మందుల మోతాదులు బట్టీపడుతోంది. మార్తమ్మ గారి పడవకి చిల్లు పడింది.

"బాబాయ్," అంది సోనీ. "ఒక్క పూటైనా ఆవిణ్ణి సుఖంగా బతకనివ్వండి. నన్ను కూడా."

ఐజక్ గారు అద్దంలోంచి ఒకసారి చూసి, సరేనమ్మా అన్నారు. పడవ నీళ్ళ మధ్యలో ఆగిపోయింది.

మొదటి రోజు అందరికీ హాయిగానే ఉంది. రెండో రోజు లీలాకుమారి భర్తతో ఫోన్లో మాట్లాడింది. ఎంత గుసగుసగా మాట్లాడినా, భీమవరంలో ఆయన ఆవిడకి చెప్పకుండా తమ్ముడికి ఇల్లు రాసిచ్చిన సంగతి వ్యానంతటికీ తెలిసిపోయింది. మూడో రోజు హలీమాబీకి ఫోనొచ్చింది. నెల్లూర్లో వాళ్ళమ్మకి ఆపరేషనట. ఆమె దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ చప్పుడు కూడా వినపడింది. మిగతావాళ్ళు తలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. సోనీకి ఆ రోజు ఒక్క ముక్క తలకెక్కలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో లీలాకుమారి ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కరోనా మొదలైన కొత్తలో ఈయన మమ్మల్ని వార్డు నుంచి తీసుకెళ్ళేవారు. రోజూ ఎవరో ఒకరు పోయేవారు. ఫ్లాట్లో ఏడిస్తే పక్క మంచం వాళ్ళు బెదిరిపోతారు. ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే వాళ్ళు బెదిరిపోతారు. ఇంకెక్కడ ఏడుస్తాం, వ్యాన్లోనే. ఈయన అద్దంలో చూశారు. ఆ రోజే మొదలెట్టారు ఈ కథలు, గొంతు పెంచి. ముందర రోడ్డు మూసేశారమ్మా, చుట్టు తిరిగెళ్ళాలి అనేవారు. ఇంటికెళ్ళేసరికి గంట పట్టేది."

"ఆ రోజుల్లో మూసే ఉంటారు కదక్కా."

"ఊరంతా ఇళ్ళల్లో ఉంటే రోడ్డంతా మా వ్యానుదే. ఎవరు మూస్తారే పిచ్చిదానా." లీలాకుమారి టీ తాగి గ్లాసు కింద పెట్టింది. "ఏమైందమ్మా అని మాత్రం ఇవాల్టి వరకూ ఎవర్నీ అడగలేదు. అడిగితే చెప్పుకోవాలి కదా."

సోనీకి ఫిబ్రవరి సాయంత్రం గుర్తొచ్చింది. రెండోసారి ఫెయిలైన సంగతి వ్యాన్లో ఉండగానే ఫోన్లో చూసుకుంది. ఆ రోజు కూడా రోడ్డు మూసేశారని ఆయన ఎటో తిప్పారు. మార్తమ్మ గారి పడవ రెండుసార్లు మునిగింది. ఆ గోలలో సోనీ వెనక సీట్లో తనివితీరా ఏడ్చింది. ఫ్లాట్ దగ్గర దిగేసరికి మొహం ఆరిపోయింది. ఆలస్యం చేశాడని మాత్రం ఆయన్ని మనసులో తిట్టుకుంది. దారిలో ఎక్కడా రోడ్డు తవ్విన గుర్తు లేదు.

మర్నాడు వ్యానెక్కుతూనే పుస్తకం సంచిలో పెట్టేసింది.

"బాబాయ్, మార్తమ్మ గారి పడవ ఎంతవరకూ వచ్చింది?"

"నువ్వు చదువుకోవాలి కదమ్మా."

"పొద్దున్నే లేచి చదివేసుకున్నాను."

ఐజక్ గారు గొంతు సవరించుకున్నారు. హలీమాబీ వెనక్కి ఆనుకుని కూర్చుంది. "ముంచబ్బా, ముంచు. మూడు దినాల్నుంచి ఆ యమ్మ నీళ్ళలోనే ఉండాది," అంది.

అప్పట్నుంచి సోనీ నాలుగింటికే లేచి వంటగదిలో నిలబడి చదివేది. మే నెలలో పరీక్ష రాసింది. ఎలా రాశావని అడిగితే ఏమో అనేది. తణుకుకి ఫోన్ చేయడం కూడా మానేసింది.

ఫలితం మూడో రోజు సాయంత్రం డ్యూటీ దిగి వ్యానెక్కుతుండగా వచ్చింది. సోనీ ఫోన్ ఒకటికి రెండుసార్లు చూసింది. తర్వాత వెనక సీట్లో మూలకి ఒదిగి, మొహం చున్నీలో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి.

ఐజక్ గారు అద్దంలో చూశారు. లీలాకుమారి ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపారు.

"ముందర రోడ్డు మూసేశారంటమ్మా," అని వ్యానుని ఎడారి పక్కనుంచి పోయే పెద్ద రోడ్డు మీదికి తిప్పారు. తిప్పుతూనే మార్తమ్మ గారిని ఏటి ఒడ్డున దింపారు. పడవవాళ్ళు మధ్యలో వదిలేసి పోయారు. రెండు ఊళ్ళు తలుపులు తియ్యలేదు. మోకాలి లోతు నీళ్ళలో వాన పట్టుకుంది. అంత కష్టం మార్తమ్మ గారు అంతకుముందెప్పుడూ పడలేదు. సోనీ రెండుసార్లు నోరు తెరిచింది గానీ, ఐజక్ గారు గొంతు ఇంకా పెంచారు. మూడోసారి ఆ పిల్ల ముందుకొచ్చి ఆయన భుజం తట్టింది.

"బాబాయ్, నేను పాసయ్యాను."

వాన ఆగిపోయింది. ఐజక్ గారు వ్యాను వేగం తగ్గించారు. తర్వాత మెల్లగా దేవునికి స్తోత్రం అన్నారు. హలీమాబీ అల్‌హమ్దులిల్లా అంది. లీలాకుమారి సోనీ బుగ్గలు రెండూ పట్టుకుని, మరి ఏడుపెందుకే గాడిదా అని తిట్టింది.

ఆ సందడి తగ్గింది. వెనక్కి తిరగాలంటే యూటర్న్ ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది. కథ చెప్పరేంటని లీలాకుమారి అడిగింది.

ఐజక్ గారు చెవి గోక్కున్నారు. "మంచి జరిగినవాళ్ళకి చెప్పడానికి నా దగ్గరేం లేదమ్మా. మా నాన్న పెట్టెలో అలాంటి పుస్తకం లేదు."

"అయితే నువ్వు ఊరుకో అన్నా, పాప చెప్తాది," అంది హలీమాబీ.

సోనీ కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. పరీక్ష హాల్లో ఏసీ చలికి చున్నీ చుట్టుకుని కూర్చోవడం, మౌస్ పట్టుకోవడానికే భయమేయడం, మొదటి ప్రశ్నకి రెండు జవాబులు ఒకేలా కనబడడం. నాలుగో ప్రశ్నకి ప్రార్థన చేసుకుంది. తొమ్మిదో ప్రశ్నకి మళ్ళీ చేసుకుంది. పన్నెండుకి ఇక దేవుణ్ణి విసిగించకూడదని తనే ఆలోచించుకుంది. ఐజక్ గారు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అయ్యో అనాల్సిన చోట అయ్యో అన్నారు. సోనీ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా, తర్వాతేమైందమ్మా అని అడిగారు.

యూటర్న్ వచ్చింది. లీలాకుమారి బోర్డు చూసింది, ఆయన్నీ చూసింది. వ్యాను తిరగలేదు, తిన్నగా ముందుకి పోయింది. సోనీ ఇంకా నలభై మూడో ప్రశ్న దగ్గరే ఉంది మరి.