హొళగుంద ఒంటికాలి నేతగాడు

ఎమ్మిగనూరులో నా మాటను సగం కోసి నమ్ముతారు. అందుకే మగ్గం మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

ఎనభైల్లో ఒక వేసవి. మా అక్క కొడుకు ఈరన్నకు పద్దెనిమిదేళ్లు. కుడి మోకాలి పైన వాపు వచ్చింది. మగ్గం గుంతలో చెక్కలు తొక్కీ తొక్కీ వచ్చిందనుకుని నూనె రుద్ది కట్టు కట్టించాం. సగం నేసిన పడుగును ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని మా వీధిలో పట్టింపు. నేత ముగిసి పడుగు దిగేదాకా కదలనని వాడు ఎడమకాలితోనే తొక్కాడు. అది దిగేసరికి కుడికాలు నేల మీద పెట్టలేకపోయాడు. ఆదోని డాక్టరు ఎక్స్‌రే చూసి మద్రాసుకు పొమ్మన్నాడు.

పొద్దున ఏడింటి బస్సుకు ఆదోని చేరి, స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. రైల్లో పత్తి వ్యాపారి ఒకాయన వాడి కాలు చూసి జరిగి చోటిచ్చాడు.

"యాడికప్పా, పిల్లోని తీస్కొని?"

"మద్రాసుకన్నా, కాలు చూపించనీకి. తీసేస్తారేమోనని భయపడతాండాడు."

"ఒంటికాలితో మగ్గమెట్ల ఆడిస్తా మామా?" అన్నాడు ఈరన్న.

హొళగుందలో ఒంటికాలి నేతగాడు ఒకడున్నాడనీ, అతని వేగానికి కండెలకు నూలు చుట్టి అందించలేక పెళ్లాం పుట్టింటికి పారిపోయిందనీ చెప్పాను.

"ఆయప్పను నేనూ చూసినా" అన్నాడు వ్యాపారి. ఈరన్న నవ్వాడు.

మద్రాసులో ఆసుపత్రి దగ్గరి సత్రంలో గది దొరుకుతుంది. చాప మనమే తీసుకుపోవాలి. పరీక్షలన్నీ అయ్యాక, అక్కడి తెలుగు డాక్టరు ఒకాయన ఈరన్న ముందే చెప్పాడు. "ఎముకలో క్యాన్సర్. ప్రతి కణం మీదా సందేశాలు అందుకునే గ్రాహకాలుంటాయి. పెరగమనే సందేశం తగిలితే లోపలికి కబురు పంపి, పని కాగానే ఊరుకుంటాయి. ఇట్లాంటి జబ్బులో ఆ కబురు ఆగదేమోనని ఇప్పుడిప్పుడే అనుకుంటున్నారు. అట్లా పెరిగిన కణాలు చోటు వదిలి, రక్తంలో పడి, ఊపిరితిత్తుల్లో దిగాయి."

"తొక్కేటోడు లేకున్నా మగ్గం ఆడినట్లా సార్?" అన్నాడు ఈరన్న.

"అట్లాంటిదే."

"ఆపే మందు?"

"వెతుకుతున్నారు. ఇప్పుడు కాలు తీసినా ఊపిరితిత్తుల్లోవి ఆగవు."

తిరుగు రైలెక్కి ఆదోనిలో దిగాం. బస్టాండులో ఈరన్న అన్నాడు:

"కాలు తీస్తామన్నా బాగుండు మామా."

ఎదురుగా ఆగిన బస్సు వైపు వేలు చూపించాడు.

"అది హొళగుంద బస్సే గదా. ఆయప్పను ఒకసారి చూసి పోదాం."

"ఈ పొద్దు ఆయప్ప ఊర్లో ఉండడురా, సంతకు పోయింటాడు."

వాడు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "సరేలే. పెళ్లామన్నా తిరిగొచ్చిందా?"

"వచ్చింది" అన్నాను. ఎమ్మిగనూరు బస్సెక్కాం. నా భుజం మీద తల పెట్టి వాడు ఊరు వచ్చేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్రపోలేదు.

మీలో ఎవరైనా హొళగుందకు పోతే ఆ నేతగాడి కోసం అడక్కండి. అతణ్ణీ, అతని పెళ్లాన్నీ నేనే కల్పించాను. తక్కినదంతా, డాక్టరు మాటతో సహా, నిజం.