ఓడ అడుగున మంచు

మేట్టుపాళయంలో ఒక గోదాము పై అంతస్తులో మా ఆఫీసు. కింద లారీలకు సరుకు ఎక్కిస్తుంటే పైన మా బల్లలు అదిరేవి. అక్కడ కూర్చునే, మంచు సముద్రంలో నడిచే ఓడకు కంప్యూటర్లో సిమ్యులేషన్ తయారు చేశాను. గడ్డకట్టిన సముద్రాన్ని మా ఊళ్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు. నేనూ చూడలేదు, లెక్కలను నమ్ముకున్నాను. అంతా పూర్తయ్యాక మా టీం లీడరు తెర మీద నా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. కడుపు మండిపోయింది నాకు.

ఆయనది బాహూరు, పొలాలున్న ఇల్లు. అందరూ తమిళం మాట్లాడే ఆ ఆఫీసులో తెలుగు వచ్చింది మా ఇద్దరికే కాబట్టి అన్నా అని పిలిచేదాన్ని. పేరు కాజేసి ఊరుకున్నా బాగుండేది. ఓడల కంపెనీ వాళ్లకు చూపించే ముందు, తెర మీద ఓడ నత్తలా నడుస్తోందని, నీళ్ల అడుగున మంచు ఓడకు తగిలే లెక్కలన్నీ ఆపేశాడు.

"అన్నా, ఓడ విరగ్గొట్టిన మంచు దాని కిందికే పోతాది," అన్నాను.

"ఏందిమా నువ్వు? చెరుకు రసం గ్లాసులో ఐసు యాడుంటాది? పైనే కదా! అడుగున ఏముంటాది?"

అదే మాట తమిళంలోనూ చెప్పేసరికి అందరూ నవ్వారు. నేను నా పాత ప్రతిని భద్రంగా దాచుకున్నాను.

విదేశీ అతిథులు వచ్చిన రోజు ఓడ జామ్మని సాగింది. వాళ్లలో పెద్దాయన, అడుగు భాగం చూపించమన్నాడు. ఏ కీ నొక్కాలో అన్నకు తెలియదు. నా వైపు చూశాడు. నేను కెమెరాను అడుగుకు దించి, అక్కడ ఆగకుండా ఇంజను గదిలోకి తీసుకెళ్లాను. తగిలే లెక్కలు లేవు కాబట్టి మంచు పలకలు ఓడ గోడలోంచి దూరి, ఇంజను మీదుగా తీరిగ్గా తేలిపోతున్నాయి. నాకు పండగలా ఉంది.

అన్న ముఖం పాలిపోయింది. "ఇదంతా ఈ అమ్మాయి చేసిందే," అని ఇంగ్లీషులో గబగబా అనేశాడు.

ఆ మాట ఆయన నోటితోనే వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. "అవును, నాదే," అని అందరి ముందూ నా ప్రతిని నడిపించాను. ఓడ మెల్లగానే కదిలింది. విరిగిన పలకలు కిందికి అణిగి, ఓడ పొడవునా రాసుకుంటూ పోయి వెనకాల తేలాయి. పెద్దాయన తన కుర్చీని నా పక్కకు జరుపుకున్నాడు. అడగాల్సినవన్నీ ఇక నన్నే అడిగాడు.

"నా మీద ఇంత పగ ఏందిమా నీకు?" అని అన్న తెలుగులో గొణిగాడు.

"పగ యాడుందన్నా?" అన్నాను తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అడుగున ఏమీ ఉండదని నువ్వే చెప్తివి కదా!"