పక్కింటి తులసి, నా దవడలో లవంగం

ఒక ఎకరం మంచి నేల, ఆరుగురు ఆడవాళ్ళ రెక్కల కష్టం, నాలుగు నెలల బోరు నీళ్ళు. వీటన్నిటినీ ఒక్క పంటి నొప్పితో ఎలా ముంచవచ్చో చెబుతాను, వినండి. ముంచింది నేనే కాబట్టి వివరాలకు వేరే ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. నా చదువు మూడో తరగతి దగ్గర ఆగింది గానీ జ్ఞాపకం మాత్రం ఎక్కడా ఆగలేదు. ఆ రోజు నేను కట్టుకున్న చీర అంచు కూడా ఇప్పటికీ కళ్ళముందుంది. పెళ్ళినాటి చీరైనా మరిచిపోవచ్చు, పరువు పోయిన నాటి చీరను ఏ ఆడదీ మరిచిపోదు.

మాది గద్వాల దగ్గర, ధరూరు వైపు ఒక పల్లె. నాలుగేళ్ళ కిందటి మాట. వనపర్తిలో మందుల ఆకులు కొనే ఒక వ్యాపారి మా మహిళా సంఘానికి కబురు పంపాడు. కృష్ణ తులసి పండించి, ఆకును నీడలో ఆరబెట్టి ఇస్తే ఎంతైనా తీసుకుంటానన్నాడు. ఆరుగురం ముందుకొచ్చాం. నేల మాత్రం మా సంఘంలో అందరికన్నా చిన్నదైన సుజాత ఇచ్చింది. ఇచ్చిందంటే మాటలు కాదు. వాళ్ళ అత్త బాలమ్మ చేతిలోంచి ఎకరం ఊడదీయడమంటే పులి నోట్లోంచి ఎముక తీయడమే.

"పల్లి ఏసే చేన్ల పూజ చెట్లు ఏస్తవా?" అని బాలమ్మ కోడలిని వారం రోజులు నిలదీసింది. చివరికి మా అందరి ఎదుటే అన్నది. "సరే, ఈ ఒక్కపారికి నీ మాట. ఇది గిన పోయిందా, మల్ల ఈ ఇంట్ల చేను ముచ్చట నువ్వు ఎత్తొద్దు."

సుజాత తల ఊపింది. ఆ పిల్లకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లో తన మాట చెల్లడం అదే మొదటిసారి. పోయిందంటే అదే ఆఖరిసారి కూడా.

"గింజల పరేషాన్ పెట్టుకోకు సుజాతా, అది నా పని," అన్నాను నేను. ఎవరూ అడగలేదు సుమా. ఊళ్ళో ఎవరి పిల్లకు దగ్గొచ్చినా కషాయానికి ఏ ఆకు వేయాలో నన్నే అడుగుతారు. ఆ గర్వం నాకు జడకొప్పులో పువ్వులా ఎప్పుడూ నెత్తినే ఉండేది.

మా వాకిట్లో తులసి కోట ఉంది. గింజ దానినుంచే తీయొచ్చు కదా అని మీరు అంటారు. అక్కడే ఉంది తిరకాసు. ఆదివారం తులసిని ముట్టకూడదు. మంగళవారం, శుక్రవారం అసలే కూడదు. ద్వాదశి, అమావాస్య, పున్నమి కూడదు. పొద్దుగూకితే కూడదు. పైగా అది కార్తీక మాసం, రేపోమాపో తులసమ్మకు పెళ్ళి చేయబోతూ ఇవాళ జుట్టంతా దూస్తే ఎంత పాపం? లెక్క చూసుకుంటే నారు పోసే గడువులోపు నాకు మిగిలినవి నాలుగు పొద్దులు. ఆ నాలుగింటిలో రెండు రోజులు నేనే పూజకు పనికిరాని రోజులు.

అప్పుడు నా బుర్రలో ఒక వెలుగు వెలిగింది. అది ఆరిపోయి ఉంటే ఎంత బాగుండేదో. మా గోడకు అవతల చాంద్‌బీ అక్క ఇల్లు. వాళ్ళ పెరట్లో నడుమెత్తున పొదలు, కాడలు వంకాయ రంగులో నిగనిగలాడుతూ, వెన్నుల నిండా గింజలు. పూజ లేని తులసి కాబట్టి ఏ రోజు దూసినా పాపం అంటదని తీర్మానించుకున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను పక్కింటి పెరటి చెట్టునే వైద్యానికి పంపబోయాను.

"అక్కా, నీ తులసి వెన్నులు దూసుకుంట," అన్నాను గోడ మీదినుంచి.

"దూస్కో చెల్లె, నాకేం పని. గానీ గది తులసి..."

"నాకెరుక లేదా అక్కా, కృష్ణ తులసే."

"అరే, జర ఆగి ఇను. మేము గది మా అత్తమ్మ సమాధి మీద..."

"యాడ పెట్టుకున్నా తులసి తులసే అక్కా. నీకు తెల్వదు, మాకు పుట్టుకతోనే తెలుస్తది."

చాంద్‌బీ అక్క నన్ను ఒక చూపు చూసి, చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు అర్థం నాకు శివరాత్రి దాటాక గానీ తెలియలేదు.

అయినా పరీక్ష చేయకుండా దూశాననుకోకండి. ఆకు నలిపి వాసన చూశాను. మంచి కృష్ణ తులసి నలిపితే లవంగం ఘాటు రావాలి, మా అమ్మ నేర్పిన మాట అది. నలిపాను, పీల్చాను, లవంగం వాసన గుప్పుమన్నది. ఇంకేం కావాలి? ఇక్కడ ఒక చిన్న ముచ్చట. అప్పటికి ఆర్నెల్లుగా నాకు కుడి దవడ పన్ను నొప్పి. దవాఖానకు పోతే పీకుతారని భయపడి, పొద్దుట లేచింది మొదలు దవడలో ఒక లవంగం కుక్కుకుని తిరిగేదాన్ని. ఆ పూట కూడా ఉంది. మీకు అర్థమైపోయింది కదూ? మీ తెలివికి దండం. నాకు నాలుగు నెలలు పట్టింది.

నారు పోశాను. మొలక రానే వచ్చింది. ఆరుగురం వంగి నడుములు విరిగేలా నాటాం. చేను ఎదిగింది చూడండి, కోడలి మీద అత్త కోపంలా రోజురోజుకూ పెరిగింది. ఆకు ఒక్కొక్కటి అరచేయంత.

"మాణెమ్మక్కా," అన్నది సుజాత ఒక రోజు, "తులసి ఆకుకు సన్నగ నూగుంటది గదా. గిదేంది, నూనె రాసినట్టు నున్నగున్నది?"

"ఎరువు బలమే," అన్నాను.

మరో పది రోజులకు పూత వచ్చింది. "అక్కా, పువ్వు తెల్లగున్నది. మీ ఇంటి తులసికి చిన్నగ, ఊద రంగు ఉంటది గదా?"

"ఎండకు వెలిసింది."

"కాడల రంగు సుత తగ్గుతున్నది."

"ముందుగాల పచ్చగ లక్ష్మి తులసి లెక్క పెరిగి, ముదిరినంక కృష్ణ తులసి అయితది. లక్ష్మి ముందొస్తది, కృష్ణుడు ఎనక వస్తడు," అన్నాను. ఏ పురాణంలో ఉందని ఎవరూ అడగలేదు. అడిగితే పురాణం పేరు కూడా చెప్పేదాన్నే, అప్పుడు నేనున్న ఊపు అలాంటిది.

కోత ముందు నమూనా చూసి రమ్మని వనపర్తి వ్యాపారి ఒక మేడంను పంపాడు. మొక్కల మీద పెద్ద చదువు చదువుతున్న పిల్ల. గద్వాల నుంచి షేర్ ఆటోలో దుమ్ము కొట్టుకుంటూ వచ్చింది. గట్టు మీద ఆరుగురం వరుసగా నిలబడ్డాం, పెళ్ళిచూపులకు నిలబెట్టినట్టు. బాలమ్మ కూడా చేతికర్ర ఊనుకుని వచ్చింది.

మేడం ఒక చిన్న భూతద్దం తీసి ఆకు చూసింది, కాడ చూసింది, పువ్వు చూసింది. గింజలు రాల్చి అరచేతిలో వేసుకుంది. "ఇవి నల్లగా, కొంచెం పొడుగ్గా ఉన్నాయి. కృష్ణ తులసి గింజ ఇంకా సన్నం, గోధుమ రంగులో గుండ్రంగా ఉంటుంది," అన్నది మెల్లగా. తర్వాత ఆకు నలిపి వాసన చూసింది. "అమ్మా, ఇది కృష్ణ తులసి కాదు. సోంపు వాసన వస్తోంది."

"సోంపేంది మేడం," అన్నాను నేను ముందుకొచ్చి. "లవంగం. నా ముక్కుకు ఇరవై ఏండ్ల అనుభవం." ఆకు లాక్కుని నలిపి పీల్చాను. "చూడు, ఘాటు లవంగం."

ఆ పిల్ల నా ముఖం వైపు కాసేపు చూసి, ఎంతో మర్యాదగా అడిగింది. "అమ్మా, మీ నోట్లో ఏముంది?"

నా దవడలోంచి లవంగం తీసి అరచేతిలో పెట్టుకున్నాను. సుజాత కొంగుతో నా మూతి తుడిచింది. మళ్ళీ నలిపాను, పీల్చాను. సోంపే. కిళ్ళీకొట్టు ముందు నిలబడ్డట్టుంది.

తులసి వనంలో గంజాయి మొక్క మొలిచిందని సామెత. మా వనంలో గంజాయి లేదు, కానీ తులసి కూడా లేదు.

మేడం కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని విడమరిచి చెప్పింది. "ఇవన్నీ ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళమ్మా. తులసి, సబ్జా, కర్పూర తులసి, అడవి తులసి. ముఖాలు ఒకరివి ఒకరిని పోలి ఉంటాయి. ఒక్కోసారి ఒకదానితో ఒకటి కలిసిపోయి కొత్త పిల్ల పుడుతుంది. అందుకే ముఖం ఒక్కటే చూస్తే చాలదు. ఆకులోని నూనె తీసి అందులో ఏముందో మిషన్ మీద చూస్తాం. అప్పటికీ అనుమానముంటే జన్యువు చూస్తాం. మట్టి, ఎరువు, ఎండ దేన్నయినా మారుస్తాయి గానీ పుట్టుకలో రాసి ఉన్నదాన్ని మార్చలేవు." నమూనాకు కొంత ఆకు, పోల్చడానికి మా వాకిట్లోని తులసిది కొంత ఆకు తీసుకుని వెళ్ళింది. ఆ రోజు మంగళవారం. నేను నోరెత్తలేదు.

ఆమె ఆటో ఎక్కాక బాలమ్మ కర్రతో నేల మీద తట్టింది. "గింజ ఎవరు తెచ్చిండ్రు?"

నా గుండె పన్ను కన్నా గట్టిగా సలిపింది. నేను నోరు తెరిచేలోపే సుజాత అన్నది. "అందరం కలిసే తెచ్చినమత్తా."

తన బతుకులో మొదటిసారి చెల్లిన మాట పోతుంటే కూడా ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. దేవుడి పటానికి పెట్టిన దండం కన్నా ఆమెకు మనసులో పెట్టుకున్న దండాలే నాకు ఎక్కువ.

ఇంటికొచ్చి గోడ దగ్గర కూలబడి ఏడ్చాను. చాంద్‌బీ అక్క గోడ మీదినుంచి తొంగి చూసింది. అంతా చెప్పి, "అక్కా, గది తులసి కాదని నీకు ఎరుకే గదా. ఒక్క మాట చెప్పకపోతివి," అన్నాను ముక్కు చీదుతూ.

"చెప్పనిస్తివా? రెండుసార్లు నోరు తెరిస్తి. నువ్వు ఆగితే గదా. పిండి మిషన్ లెక్క ఒకటే మోత," అన్నది. తర్వాత తానే గోడ చుట్టూ తిరిగి వచ్చి, మా వంటింట్లో రెండు గ్లాసుల నీళ్ళు పెట్టింది. ఒకదాంట్లో చేను గింజలు వేసింది. రెండోదాంట్లో వేయడానికి మా కోట తులసి గింజలు రాల్చింది. రాల్చడానికి ముందు నన్ను అడిగింది. "ఇయ్యాల ముట్టొచ్చునా?" ఇంత జరిగినా నన్ను అడిగింది.

మేం చాయి తాగేలోపే చేను గింజలు ఉబ్బి, ఒక్కోదానికి తెల్లని మెత్తటి చొక్కా తొడిగినట్టయ్యాయి. తులసి గింజలు కొంచెం జిగురు పట్టి ఊరుకున్నాయి.

"చూడు," అన్నది అక్క. "గిది సబ్జా. దీని కొమ్మలే మేము సమాధుల మీద, దర్గాల పెడతం, మంచి వాసనని. దీని గింజలే మా ఇంటాయన షర్బత్‌ల ఏస్తడు. ఎండలు వచ్చినయి. ఉపవాసాల నెల దగ్గరకొచ్చింది. గద్వాలల దుకాణాలోళ్ళు సబ్జా యాడ దొరుకుతదా అని చూస్తుంటరు. ఆకు కోయకున్రి. వెన్నులు ఎండనియ్యున్రి."

వాళ్ళాయన గద్వాల బస్టాండు దగ్గర బండి మీద షర్బత్ అమ్ముతాడు. మరునాడే నమూనా పొట్లం జేబులో వేసుకుని కిరాణా దుకాణాలన్నీ తిరిగాడు. సాయంత్రం వచ్చి నాతో కాదు, బాలమ్మ వాకిట్లో నిలబడి చెప్పాడు. "అమ్మా, మీ కోడలి పంట మొత్తం కావాలంటుండ్రు. ముందుగాల ఎవరికన్నా మాటిస్తిరా?"

వారానికి మేడం ఫోన్ చేసింది. "మాణెమ్మగారూ, నూనెలో లవంగం సారం లేదు. జన్యువు కూడా చూశాం. సబ్జానే."

"మా అక్క గ్లాసు ముందే చెప్పింది మేడం," అన్నాను.

ఆమె గట్టిగా నవ్వింది. "అయితే మీ అక్క గ్లాసుకు మా మిషన్ సాక్షి అనుకోండి." వ్యాపారికి నచ్చజెప్పి వచ్చే పంటదాకా ఆగమని చెప్పింది కూడా ఆమే. అసలైన కృష్ణ తులసి గింజ పొట్లం కట్టి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి పంపింది. మూడో తరగతి చదువుకు సరిపోయేంత పెద్ద అక్షరాలు.

వెన్నులు ఎండాయి, దులిపాం, చెరిగాం, బస్తాలు కట్టాం. చివరి బస్తా బండెక్కే రోజున ఇక ఆగలేక బాలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను. గింజ తెచ్చింది నేనొక్కదాన్నే, పక్కింటామె చెప్పబోతే వినలేదు, లవంగం సంగతి, అన్నీ. సుజాత తలుపు చాటున నిలబడి ఉంది.

బాలమ్మ ఆకు వక్క నములుతూ అంతా విన్నది. ఉమ్మి వచ్చి కూర్చున్నది.

"సుజాతా," అని పిలిచింది. "వచ్చే పంటకు రెండెకరాలు తీస్కో. ఒకదాంట్ల మేడం పంపిన గింజ ఎయ్యి."

"రెండోదాంట్ల అత్తా?"

"గదాంట్ల ఏమెయ్యాల్నో ఈ మాణెమ్మనే తేనియ్యి. సరిగ్గ చేసేటోళ్ళు ఊరినిండ ఉన్నరు. తప్పు చేసినా బస్తాలు నిండేటట్టు చేసేటామె గిదొక్కతే."

ఆ వారమే గద్వాల వెళ్ళి పన్ను పీకించుకున్నాను. తోడు వచ్చింది చాంద్‌బీ అక్కే. పీకుతున్నంతసేపూ నా చేయి వదల్లేదు. నేను మాట్లాడలేని ఆ ఒక్క పూటలో ఆమె చెప్పాలనుకున్నవన్నీ చెప్పుకుంది.

ఇప్పుడు మీ అందరి సాక్షిగా, తూర్పుకు తిరిగి, తడి చేయి నేలకు తాకించి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఆకు నా చేతికొచ్చినా ముందు నోరు కడుక్కుంటాను, తర్వాత నోరు మూసుకుంటాను, ఆ పైనే వాసన చూస్తాను.