చెలమ నీళ్లు తాగిన మనీప్లాంటు

పెళ్లయిన కొత్తలో, దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డునున్న పల్లెలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన పని గూడూరులో. వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. మామగారు పోయినప్పటి నుంచి ఆమె వరండాలో నులకమంచం దిగేది కాదు. పిలిస్తే పలికేది, అంతే.

ఓసారి నెల్లూరు వెళ్లినప్పుడు, నాతో ట్రైనింగు చదివిన స్నేహితురాలు మనీప్లాంటు కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. తెచ్చి, గాజుసీసాలో నీళ్లు పోసి కిటికీలో పెట్టాను.

"ఏందిమే అది? పూలు పూస్తదా?" అంది అత్తగారు.

"లేదత్తా. ఆకులే."

"ఆకులకోసరం అంత దూరం నించి మోసకొచ్చినావా!"

కొన్నాళ్లకే ఆకుల అంచులు మాడినట్టయ్యాయి. ఎండ ఎక్కువైందేమోనని లోపలికి మార్చాను. అయినా ఒక్కొక్క ఆకే పసుపుబారి రాలింది. చివరికి విసుగొచ్చి, సీసా పట్టుకుని పెరట్లోకి బయలుదేరాను.

"యాడికి తీసకపోతుండావు?" మంచం మీద నుంచే అడిగింది.

"పారేద్దామని. బతికేట్టు లేదు."

"బావినీళ్లేనా పోసింది?"

అవునన్నాను. మా బావినీళ్లు ఉప్పన. తాగడానికి మాత్రం ఇసకదిబ్బల్లో గుంట తవ్వి, అడుగున ఊరిన చెలమ నీళ్లు తెచ్చుకునేవాళ్లం. అంత కష్టపడి తెచ్చినవి మొక్కకు పోయడానికి నాకు చేతులు రాలేదు.

"మన గొంతే దిగవు గదా ఆ నీళ్లు, దానికెట్ట దిగుతాయి? ఇట్టియ్యి."

సీసాలో నీళ్లు ఒంపేసి, మంచం పక్కనున్న తన తాగేనీళ్ల చెంబులోంచి నింపింది.

మర్నాడు పొద్దున లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. వీధిలో అడుగుతూ దిబ్బలదాకా పరుగెత్తాను. అత్తగారు చెలమ పక్కన గొంతుక్కూర్చుని, కొబ్బరిచిప్పతో బిందెలోకి నీళ్లు తోడుతోంది. చుట్టూ ఆడవాళ్లు.

"నీకు బడికి పొద్దుపోతదని నేనే వచ్చినా. అట్ట రొప్పతావేందిమే?" అంది, నాకేసి చూడకుండానే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ రోజు నుంచి నీళ్ల పని ఆమెదే. కొమ్మకు వేళ్లు సాగాక, పాత కిరసనాయిలు డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి, ఇసకా పశువుల ఎరువూ కలిపి నాటింది. ఉప్పుగాలికి ఆకులు జిడ్డుబారితే తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేది. చుట్టలా చుట్టుకుని వచ్చిన కొత్త ఆకు విచ్చుకున్న రోజు, నేను బడి నుంచి వచ్చి ఇంకా గుమ్మం ఎక్కకముందే కేకేసి చూపించింది.

వానాకాలం దాటేసరికి తీగ వరండా స్తంభం పైదాకా పాకింది. ఇరుగుపొరుగు కొమ్మలడగడం మొదలుపెట్టారు. "కణుపు కింద తుంచాల. బావినీళ్లు పోసినారో, నా దగ్గరికి రావాకండి," అని అందరికీ గట్టిగా చెప్పి ఇచ్చేది. మా చర్చి పాస్టరుగారి భార్యకు ఇవ్వడానికని ఒక ఆదివారం తలదువ్వుకుని గుడికి బయలుదేరింది. ఆరాధన అయిపోయాక కూడా ఎంతకీ ఇంటికి రాలేదు. వెళ్లి చూస్తే, గుడి ముందు చింతచెట్టు కింద ఆడవాళ్ల మధ్య కూర్చుని కబుర్లు చెబుతోంది. నేను అన్నానికి పిలిస్తే, "నువ్వు తినుమే, వస్తా," అంది.