విప్పించని సాక్సులు

హెలికాప్టర్ మమ్మల్ని బేస్‌లో దింపింది. అక్కడి నుంచి మేం కాపలా కాయాల్సిన సరిహద్దు పోస్టుకు నాలుగు రోజుల నడక, అందరం ఒకే తాడుకు కట్టుకుని. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. ఆరుగురు జవాన్లం, ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, తొంభై రోజులు. మాది ఖిల్లా ఘణపూర్. చిన్నప్పుడు కోట ఎక్కి లోకమంతా చూసేశాననుకున్నాను. ఆ మంచుకొండల ముందు నిలబడ్డాక ఏమీ చూడలేదని తెలిసింది.

రేడియో ఆపరేటర్‌ది కోడేరు. తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి హవల్దార్ మమ్మల్ని జోడీ చేశాడు. జోడీ చేయాల్సింది ఒక్కటే. రోజూ సాయంత్రం ఐదింటికి ఒకరి సాక్సులు ఒకరు విప్పించి కాలివేళ్లు చూడాలి. మంచు పట్టిన వేలు మొద్దుబారిపోతుంది, నొప్పి తెలియదు. కంటితో చూస్తేనే తెలుస్తుంది.

డెబ్బయ్యో రోజు తుఫాను మొదలై మూడు రోజులు ఆగలేదు. గంటగంటకూ కింద నుంచి రేడియోలో పిలుపు. ఆపరేటర్ బయటికి పోయి యాంటెనా మీది మంచు దులిపి వచ్చి, "సబ్ ఓకే" అనేవాడు.

ఐదింటికి అడిగాను. "కాళ్లెట్లున్నయి తమ్మీ?"

"ఓకే అన్న. గీ చలిల ఏం ఇప్పుతవు, జర చేతులు కాపుకో."

నాకూ కావలసింది అదే. స్టవ్ దగ్గర కూర్చున్నాను. మూడు సాయంత్రాలూ అంతే.

నాలుగో రోజు పొద్దున గాలి ఆగింది. అతను లేవలేకపోయాడు. సాక్సులు నేనే విప్పాను. రెండు పాదాలూ చీలమండల దాకా నల్లబడ్డాయి.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తె గంత గాలిల హెలికాప్టర్ తెస్తరు. వాళ్ల పానాలు పోవా అన్న?"

అప్పుడే పిలుపొచ్చింది. హవల్దార్ చెయ్యి చాచాడు. అతను హ్యాండ్‌సెట్ ఇవ్వలేదు. "ఒక మనిషిని దించాలి. ఆపరేటర్‌ని. మిగతా సబ్ ఓకే" అని తన సంగతి తనే హిందీలో, గొంతు వణక్కుండా చెప్పాడు. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పాదాలు తీసేశాక అతనికి కట్టుడు కాళ్లు వచ్చాయి. నేను నిండు కాళ్లతో రిటైరై ఇంటికి వచ్చాను. కానీ రోజూ ఐదయ్యేసరికి గుండె దడ. బడి నుంచి వచ్చిన పిల్లల సాక్సులు లాగి వేళ్లు చూస్తాను. ఎందుకని నా భార్య అడిగితే కసురుకుంటాను.

పోయినేడు ఎమ్మెల్యే నాగర్‌కర్నూల్‌లో మాజీ సైనికుల సభ పెట్టారు. గద్వాల, వనపర్తి వాళ్లమూ పోయాం. శాలువాలు కప్పారు. "అందరు మంచిగున్నరా?" అని మైకులో అడిగారు.

"ఓకే సార్" అన్నాం, హాలంతా ఒక్క గొంతుతో.

మూడో వరుసలో ఆపరేటర్ లేచాడు. కుర్చీ పట్టుకోలేదు. "నేను ఓకే లేను సార్. కాళ్లు ఇచ్చిండ్రు, పింఛను ఇచ్చిండ్రు, కాదన. గని గాలి సప్పుడైతె ఒళ్లంత వణుకుతది. పిచ్చోడంటరని ఎవ్వరు నోరు ఇప్పుతలేరు. మనసుకు చూసే డాక్టర్‌ను మా కోసం వారానికొకనాడు దవాఖానల కూసోబెట్టుండ్రి."

ఎమ్మెల్యే స్టేజీ దిగి అతని దగ్గరికి వచ్చారు. "ఇంకెవరికన్న గిట్లనే ఉన్నదా?"

అందరం శాలువాలు సర్దుకుంటూ కూర్చున్నాం. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. చెయ్యెత్తాను. నా వెనక ఇంకో చెయ్యి లేచింది, తర్వాత చాలా లేచాయి.

ఎమ్మెల్యే ఆ మాట వదలలేదు. మూడు నెలలకు గురువారం గురువారం డాక్టర్ రావడం మొదలైంది. మొదటి గురువారం బెంచీ మీద అతని పక్కన కూర్చుని, ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది చెప్పాను. "ఆ సాక్సులు నేను ఇప్పియ్యాల్సి ఉండె తమ్మీ."

"ఎరుకే అన్న. నేను వద్దన్న, నువ్వు ఇడిసిపెట్టినవ్. లోపలికి పొయ్యి గదే చెప్పు."

చెప్పాను. ఇప్పుడు రోజూ ఐదింటికి అతనే ఫోన్ చేస్తాడు. "ఎట్లున్నవన్న? నిజం చెప్పు." చెబుతాను. చెబుతున్నంతసేపూ ఆ గుడిసె కళ్ల ముందే ఉంటుంది. నల్లబడ్డ పాదాలు నా ఒళ్లో, హ్యాండ్‌సెట్ అతని చేతిలో.