నాకంటే ముందు చదివినావిడ

ఎదురింటి ఆంటీ పోయిందని నాకు మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే తెలిసింది. మా రెండు తలుపుల మధ్య ఆరడుగులు కూడా ఉండదు. బుధవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరి లిఫ్టులో ఫోన్ చూసుకుంటే సెక్రటరీ గారి మెసేజ్. ముందురోజు సాయంత్రం చందానగర్ మార్కెట్‌లో కూరగాయలు కొంటూ కుప్పకూలిందట, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. దాని కింద వరసగా దండాలు. ఆ దండాల మధ్యలోనే ఒకాయన నీళ్ల ట్యాంకర్ ఎన్నింటికొస్తుందని అడిగాడు.

"మీరు ఆమెకి దగ్గర కదా మేడం, ఆదివారం సంతాప సభకి రెండు ముక్కలు రాసివ్వండి" అన్నారు సెక్రటరీ గారు. రాస్తున్నాను. కానీ దగ్గర అన్న మాట తప్పు. ఏడు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. మీలోనూ ఆవిడంటే పడేవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు ఫొటోకి దండ వేసి ప్రేమమూర్తి అంటే నేను ఊరుకోను.

ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా ఉండేది. నా ఆన్‌లైన్ ఆర్డర్లు తెచ్చేవాళ్లు ఎప్పుడూ పొరపాటున ఆవిడ బెల్లే కొట్టేవాళ్లు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా పార్సిళ్లు ఆవిడింట్లో బందీలుగా ఉండేవి. "నీ డబ్బాలకు నేనేమన్న వాచ్‌మన్‌నా? జర ఇంటిపట్టున ఉండరాదు?" అని తిట్టడం పూర్తయ్యాకే ఒక్కొక్కటీ చేతికిచ్చేది.

నిరుడు నా రొమ్ములో గడ్డ బయటపడినప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఆఫీసుకి మాత్రం నేను చెప్పకుండానే తెలిసిపోయింది. క్లయింట్‌తో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి ఉండగా, 'మీ మామోగ్రామ్ రేపు పదింటికి' అని మెసేజ్ ఒకటి మూలన తేలింది. పదకొండు మంది చూశారు. వారం తిరక్కుండానే, మీ ఆరోగ్యం ముఖ్యం కదా అంటూ నన్ను ప్రాజెక్టులోంచి తప్పించారు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ తోసెయ్యలేదు.

గడ్డ క్యాన్సరేనని తేలాక, ఆపరేషన్‌కి తోడు ఒక పెద్దమనిషి ఉండాలన్నారు. మా ఇంట్లో నేనూ, తొమ్మిదేళ్ల మా అమ్మాయీ తప్ప మూడో మనిషి లేరు. ప్రొద్దుటూరులో ఉన్న అమ్మకి రిజల్ట్ వచ్చాకే చెబుదామనుకున్నాను. సిగ్గు విడిచి ఎదురింటి బెల్లు కొట్టాను. అంతా విని, "గిన్ని దినాలు గడ్డ పెట్టుకొని లాప్‌టాప్ ముంగట కూసున్నవా? అక్కల్ ఉన్నదా నీకు?" అంది. తర్వాత చెప్పులేసుకుని నాతో ఆస్పత్రికి వచ్చింది.

అక్కడ కౌంటర్‌లో, రిపోర్టు ఏ నంబరుకి పంపాలని అడిగారు. మళ్లీ ఎక్కడ స్క్రీన్ మీద తేలుతుందోనని ఆవిడ నంబరిచ్చాను. తెలివైన పని చేశాననుకున్నాను.

తీసిన ముక్కని పరీక్షకి పంపారు. జబ్బు చంకలోని గ్రంథులకి పాకిందో లేదో పది రోజుల్లో తెలుస్తుందన్నారు. అలాంటి పది రోజులు పగవాళ్లకి కూడా వద్దు. కుట్లతోనే రోజుకి నాలుగుసార్లు వెళ్లి "వచ్చిందా ఆంటీ?" అని అడిగేదాన్ని. "వస్తే నేనేమన్న పచ్చడి పెట్టుకుంటనా? పో" అనేది.

తొమ్మిదో రోజు శనివారం. నేను అడగకముందే, "ఇయ్యాల రేపు ఏం రాదు. పోరిని తీస్కొని యాడికన్న పో" అంది. పాపా నేనూ మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఆ చివరి దాకా వెళ్లి, మళ్లీ ఈ చివరికి వచ్చాం. మిర్చి బజ్జీలు తిన్నాం. పాప మాటలకి ఆ రోజు కుట్లు నొప్పెట్టేదాకా నవ్వాను.

సోమవారం డాక్టరు కాగితం ముందు పెట్టి, మూడు గ్రంథుల్లో ఉందనీ కీమో తప్పదనీ చెప్పాడు. కాగితం పైన మూలన రిపోర్టు పంపిన టైముంది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నర.

బయటికొచ్చి, "మీకు శుక్రవారమే తెలుసు" అన్నాను.

"ఎరికే. శుక్రవారం చెప్తే ఏం జేస్తుంటివి? డాక్టర్ లేడు, మందు లేదు. రెండు దినాలు ఏడుస్తుంటివి, గంతే గద."

"అది నా ఏడుపు ఆంటీ. దాచడానికి మీరెవరు?"

"ఎవర్ని గాను. ఎదురింటిదాన్ని. ఇగ నడువు, రక్తపరీక్ష కాడ లైన్ పెరుగుతున్నది."

నా ఒంట్లో సంగతి నాకంటే మూడు రోజుల ముందు ఇంకొకరికి తెలుసు. మెట్రోలో నవ్విన నవ్వు గుర్తొస్తే, నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించినట్టు అనిపించేది. ఆఫీసువాళ్లు నాకు చెప్పకుండా నా గురించి నిర్ణయం తీసుకున్నారు. ఈవిడా అదే చేసింది. ఆ రోజు నుంచి మాట మానేశాను.

కీమోకి నేను క్యాబ్‌లో వెళితే, ఆవిడ షేర్ ఆటోలో వచ్చి హాల్లో వెనక వరసలో కూర్చునేది. ఇద్దరం పలకరించుకునేవాళ్లం కాదు. ఒకసారి కొత్త నర్సు ఎవరో, ఆపరేషన్ అయిన వైపు చేతికి, అక్కడ గుచ్చకూడదని తెలియక, సూది పెట్టబోయింది. "ఆ చెయ్యి గాదు" అని వెనకనుంచి ఒక్క గద్దింపు. హాలంతా తిరిగి చూసింది. థాంక్స్ చెప్పాలనిపించింది, చెప్పలేదు. నా పంతం నాది. మీలో నలుగురు పరామర్శకని యాపిల్ పండ్లతో వచ్చి, క్యాన్సర్‌తో పోయిన మేనత్తల కథలు మొదలెట్టినప్పుడు గుమ్మంలోనే ఆపిందీ ఆవిడే. "పండ్లు ఇయ్యుండ్రి, కథలు వాపస్ తీస్కపోండ్రి" అంది. ఆ నలుగురికీ ఇంకా గుర్తుండే ఉంటుంది.

పోయిన సోమవారం, చికిత్సంతా అయ్యాక మొదటి స్కాన్ తీశారు. జబ్బు పోయిందో, ఇంకెక్కడైనా తేలిందో దీనితో తెలుస్తుంది. కౌంటర్‌లో అమ్మాయి "రిపోర్టు పాత నంబరుకేనా మేడం?" అంది. మార్చమని చెప్పడానికే నోరు తెరిచాను. "పాతదానికే" అన్నాను.

మాటల్లేని మనిషి నంబరు ఎందుకుంచానో అప్పుడు నాకూ తెలీదు. ఇప్పుడు తెలుసు. ఆ కాగితాన్ని నాకంటే ముందు ఎవరో ఒకరు చదివి ఉండాలి. చదివేసి, మామూలుగా నన్ను తిడుతూ ఉండాలి. ఆ మూడు రోజుల మీద నాకు కోపం పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. అయినా ఆవిడ కావాలి. మంగళవారానికే లేకుండా పోయింది.

గురువారం ఆవిడ చర్చి వాళ్లు వచ్చి సమాధి చేశారు. నిన్న, శుక్రవారం సాయంత్రం, మా బెల్లు మోగింది. వరంగల్ నుంచి వచ్చిన ఆంటీ చెల్లెలు నిలబడి ఉంది, చేతిలో ఆంటీ ఫోన్.

"అక్క ఫోన్ల ఏందో వచ్చింది బిడ్డా. నీ పేరుందని పాస్టర్ గారు చెప్పిండు. నాకు సదువు రాదు."

డాక్టరు మళ్లీ సోమవారమే. ఫోన్ అందుకునే ముందు ఆమె ముఖంలోకి చూశాను. చదివిన మనిషి ముఖంలో ఎంతో కొంత కనబడుతుంది కదా. అక్కడ ఏమీ లేదు. నిజంగానే ఏమీ తెలియని ముఖం.

అందులో ఏముందో ఇక్కడ రాయను. రాస్తే గ్రూపులో దండాలన్నా పెడతారు, చప్పట్లన్నా కొడతారు. రెండూ నాకొద్దు.

నిన్న ఫోన్ నా చేతికిచ్చాక కూడా ఆమె వెళ్లలేదు. "నువ్వు సదువుకో, నేనీడ్నే కూసుంట" అని మా గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చుంది. ఫోన్ వెలుగు తగ్గి ఆరిపోబోయినప్పుడల్లా తెరని వేలితో ఒకసారి తాకుతూ, ఇంకా తెరవకుండా, నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.