పూజలో కూర్చున్న బెల్టు

కూర్చో. అలా మంచం అంచు మీద కాదు, లేచి పోయేదానిలా. సరిగ్గా బాసింపట్టు వేసుకుని కూర్చుని విను చిన్నీ. ఫోను అవతల పెట్టి పుస్తకం తియ్యి. మీ నాయనమ్మ తన మూర్ఖత్వంతో ఒక మనిషిని దాదాపు చంపేసిన సంగతి చెప్తున్నా. నవ్వొచ్చిన చోట నవ్వుకో, నేనేం అనుకోను.

అప్పట్లో అద్దంకి రోడ్డు మీద మనింటి పక్కనే పత్తి గోడౌను ఉండేది. మీ తాతయ్య ఊళ్ళు తిరిగి పత్తి కొనేవాడు, గోడౌను పెత్తనం నాది. పెత్తనమంటే మామూలుదా! అక్కడ ఈగ వాలాలన్నా నన్నడిగి వాలాలి. పైకప్పు సిమెంటు రేకులు. ఆ ఏడు లేబరాఫీసు నుంచి ఒకాయనొచ్చి, "ఏమండీ, రేకుల మీదకి మనుషుల్ని ఎక్కిస్తున్నారు, పడకుండా నడుముకి కట్టే బెల్టులున్నాయా? హెల్మెట్లున్నాయా? పడితే బాధ్యత మీది" అని గట్టిగా చెప్పి పోయాడు. నాకు రోషమొచ్చింది. గుంటూరుకి మనిషిని పంపి రెండు బెల్టులు, రెండు హెల్మెట్లు, ఇంత లావు తాడు తెప్పించా.

తెప్పించి ఏం చేశానూ? దసరా వచ్చింది కదా, ఆయుధపూజలో కొడవళ్ళతో పాటు వాటినీ అమ్మవారి ముందు పెట్టా. పసుపు రాశా, కుంకం బొట్లు పెట్టా. ఒక హెల్మెట్టు తిరగేసి శనగల ప్రసాదం పోశా. ఎంత బాగా పట్టాయనుకున్నావ్!

పండగ వెళ్ళిన మర్నాడే మబ్బు పట్టింది. పైన ఒక రేకు పగిలి ఉంది, సరిగ్గా దాని కిందే పత్తి గుట్ట. రేకుల పని చేసే ఖాసింని పిలిపించా. నెమ్మదస్తుడు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. నిచ్చెన వేసి నా వంక చూశాడు.

"అమ్మగారూ, ఆ కొత్త బెల్టు ఇప్పించండి. తుంపరకి రేకు నానింది, కాలు జారుద్ది."

"ఇవాళ మంగళవారం ఖాసిం. పూజలో పెట్టిన కొత్త వస్తువు మంగళవారం తీస్తారా ఎవరన్నా? రేపు నా చేత్తో తీసిస్తా."

"అయితే రేపే ఎక్కుతానమ్మా."

"రేపటిదాకా వాన ఆగుద్దా? పత్తంతా ముద్దయిపోద్ది!"

"పోనీ, రేకు మీద కాలు పెట్టుకోడానికి చెక్కలన్నా ఇవ్వండి."

"ఆ చెక్కల మీద అమ్మవారు కూర్చుంది. లేపమంటావా?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటారే, అది నేనే. బెల్టూ ఇవ్వను, ఇంటికీ పోనివ్వను. అతను తలకి తువ్వాలు చుట్టుకుని ఎక్కాడు.

మేకులు కొట్టిన వరస మీదే అడుగులో అడుగేసి నడుస్తున్నాడు. కింద దూలం ఉండేది అక్కడే మరి. ఆ సంగతి నాకు తెలిస్తేగా! నడుం మీద చెయ్యేసుకుని కింద నుంచి, "ఏంటయ్యా ఆ పెళ్ళికూతురి నడక? అడ్డంగా వచ్చెయ్, అటు దగ్గర!" అని అరిచా. పని చెప్పిన మనిషి అరిచింది కదా, అడ్డంగా అడుగేశాడు.

అప్పడం విరిగినట్టు చప్పుడు. రేకుల్లో ఆకాశం కనపడింది. ఖాసిం కనపళ్ళా.

లోపలికి పరిగెత్తా. పత్తి గుట్ట తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది. "ఖాసిం! ఒరేయ్ నాయనా!" పలకడే. రెండు చేతులా లాగుతున్నా, ఎంత లాగినా పత్తే. ఆ పిల్లలు ముగ్గురూ కళ్ళ ముందు నిలబడ్డారు. చివరికి ఒక చెయ్యి తగిలింది. వేళ్ళు కదిలాయి.

"అమ్మగారూ, నా ఎడం కాలు ఉందా? నాకు తెలవట్లా."

ఉంది. పడేటప్పుడు దూలానికి కొట్టుకుని మోకాలి కింద వంకరపోయింది.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. ఇంట్లోకి ఉరికి, బెల్టూ హెల్మెట్టూ పట్టుకొచ్చి, హమాలీలు బయటికి లాగి నేల మీద పడుకోబెట్టినవాడికి తొడగబోయా! శనగలన్నీ అతని మొహం మీద రాలాయి. "చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాం గానీ, కాలు విరిగాక బెల్టు కట్టేదాన్ని చూళ్ళేదమ్మా" అని హమాలీలు ఆ ఏడుపులోనే నవ్వారు.

గుంటూరు ఆస్పత్రి వరండాలో అతని భార్య రహీమాకి నచ్చజెప్పబోయా. "బెల్టు కొనే పెట్టానమ్మా, మంగళవారం కదాని..."

ఆవిడ అరవలా, ఏడవలా. "మంగళవారం బెల్టు తియ్యకూడదు, సరే. మంగళవారం మనిషిని ఎక్కించొచ్చా అమ్మా?"

రాశావా? ఒక్క అక్షరం కూడా మార్చకు.

కాలు అతకడానికి ఆర్నెల్లు పట్టింది. అన్నాళ్ళూ వాళ్ళ పొయ్యి మేమే వెలిగించాం. అది గొప్ప కాదు, రాయకు. కొంచెం కుంటుతూ మళ్ళీ పనిలోకొచ్చాడు. నిచ్చెన దగ్గర ఊరికే నిలబడ్డాడు.

"ఏం ఖాసిం, బెల్టు అడగవే?"

"అడగనమ్మగారూ. అడగడం నా పని కాదు. ఎక్కించేది మీరు. తాడు దూలానికి కట్టారో లేదో, హుక్కు పడిందో లేదో మీరే లాగి చూడండి. అందాకా నేను నేల మీదే ఉంటా."

లాగి చూశా. హమాలీలందరి ముందూ ప్రమాణం కూడా చేశా. పెద్దక్షరాలతో రాసుకో: "నాగరత్నమ్మ అనే నేను చెప్పేదేమంటే, ఏ వారమైనా, ఏ వర్జ్యమైనా, నా పని మీద ముందు తాడూ చెక్కలూ ఎక్కుతాయి, ఆ తర్వాతే మనిషి ఎక్కుతాడు. అతను క్షేమంగా దిగేదాకా నేను పచ్చి మంచినీళ్ళు కూడా..."

అదిగో, మీ అమ్మ పిలుస్తోంది. వడ్డించేశావా సుశీలా? వస్తున్నా, వస్తున్నా. అవునూ, ట్యాంకు కడగడానికి ఎక్కినతను దిగాడా? ఇంకా పైనే ఉన్నాడా! ఆ కంచం మీద మూత పెట్టు. చిన్నీ, నా కర్ర ఇటియ్యి, ముందు వెళ్ళి ఆ హుక్కు ఇంకోసారి లాగి చూసొస్తా.